అంగిట్లో తీగ

మా అమ్మాయి పళ్ళు చూపించడానికి తీసుకెళ్తే డాక్టరు నా నోట్లోకి చూశాడు. ఎనభైల మొదట్లో మాట. అప్పుడు మేము అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. దానికి తొమ్మిదేళ్ళు, నాకు ముప్ఫై మూడు. దాని పళ్ళకి ఏ లోటూ లేదని చెప్పి, ఆ కుర్చీలోనే నన్ను కూర్చోమన్నాడు. నావి ఎత్తుపళ్ళు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. పెళ్ళి ఫొటోలో కూడా పెదవులు బిగించి, పీటల మీద ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టు కూర్చున్నాను. ఈ వయసులో కూడా సరిచేయొచ్చని డాక్టరు అనగానే, మా ఆయన్ని మాటవరసకైనా అడక్కుండా సరేననేశాను.

పైవరసకీ కిందివరసకీ బ్రేసెస్, అంటే మనవాళ్ళు అనే క్లిప్పులు, బిగించాడు. అక్కడితో ఊరుకోలేదు. వెనక దంతాలు కదలకుండా ఉండాలని అంగిట్లో అడ్డంగా ఒక తీగ కూడా వేశాడు. "రెండు వారాలు మాట తేడాగా ఉంటుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. రోజూ పేపరు పైకి చదవండి" అన్నాడు. బుద్ధిగా చదివాను. మొదటివారం ఎస్ వచ్చినచోటల్లా పేపరు తడిసింది. రెండోవారం ఆఖరికి గ్రోసరీ స్టోర్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయికి నా మాట ఒక్కసారికే అర్థమైంది. ఇక నా నోరు నాకు తిరిగొచ్చేసిందని సంబరపడ్డాను.

డాక్టరు చెప్పిన రెండు వారాలు ఇంగ్లీషుకని నాకు తట్టలేదు. ఆయన్ని అనడానికి లేదు. వాళ్ళ నాలుక పళ్ళ వెనకాలే పని ముగించుకుంటుంది. మన ట, డ, ణ, ళ అలా కాదు, నాలుక మడిచి అంగిట్లోకి ఎక్కితేగాని రావు. అక్కడేమో నాకు తీగ ఉంది. ళ అన్నప్పుడల్లా నాలుక దానికి తగిలి టక్‌మనేది. దానికితోడు నోట్లో ఉమ్ము ఊరిపోయేది. వాక్యం అయిపోగానే జుర్రున లోపలికి పీల్చుకునేదాన్ని. ఇవేవీ నాకు వినపడలేదు. ఎవరి కంపు వారికింపు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇది నా ఒక్కదానితో పోయేదైతే రాయడానికేమీ లేదు. కానీ ప్రతి ఆదివారం మా కాంప్లెక్స్ కమ్యూనిటీ రూమ్‌లో నేను తెలుగు క్లాసు చెప్పేదాన్ని. నేను తెలుగులో ఏమడిగినా మా అమ్మాయి ఇంగ్లీషులోనే జవాబిస్తోందని కడుపుమండి పెట్టిన క్లాసది. ఎనిమిదిమంది పిల్లలు వచ్చేవాళ్ళు. ఇళ్ళల్లో అమ్మానాన్నలు పనులకు పోయి అలిసిపోయి వచ్చి, పిల్లలతో ఏది తేలికైతే అది మాట్లాడేవాళ్ళు. ఏది తేలికో చెప్పక్కర్లేదు. ఆ పిల్లలకు తెలుగంటే వారానికి రెండు గంటలు, నా నోరు.

తీగ వేయించుకున్న ఆరు నెలలకి పిల్లలు చక్కగా వాక్యాలు చెప్పసాగారు. ఒక్కటే చికాకు. క్లాసులో ఎప్పుడు చూసినా టక్కుటక్కుమనీ, జుర్రుజుర్రుమనీ చప్పుళ్ళు. నాకు అసలే ఓపిక తక్కువ. "ముక్కులు చీదుకుని రండి!" అని కసిరేదాన్ని. ఒకసారి అందరి తల్లిదండ్రులకీ చీటీలు కూడా పంపాను, దయచేసి జలుబుతో ఉన్న పిల్లల్ని క్లాసుకి పంపవద్దని. ఒక్కరూ తిరిగి అడగలేదు.

ఇలా ఉండగా క్లాసులో ఒక పాప వాళ్ళ తాతగారు తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. హైస్కూల్లో తెలుగు మాష్టారుగా చేసి రిటైరయిన మనిషి. వచ్చే ఆదివారం క్లాసు చూడ్డానికి వస్తారని కబురు రాగానే నాకు చెమటలు పట్టాయి. నేను చదివింది కెమిస్ట్రీ. వారమంతా సాయంత్రాలు పిల్లల్ని మా ఇంటికి పిలిపించుకుని, ఇంటి గురించి మూడేసి వాక్యాలు వల్లెవేయించాను. ఆదివారం పొద్దున్నే గంజిచీర ఇస్త్రీ చేసి కట్టుకున్నాను.

మాష్టారు ముందువరసలో కూర్చున్నారు. మొదట ఆయన మనవరాలే లేచింది. "మా ఇంట్లో అయిదుగురు ఉన్నారు. మా తాతగారికి కళ్ళజోడు ఉంది. మా తాతగారి పళ్ళు గ్లాసులో ఉంటాయి" అని ధాటిగా చెప్పింది. కళ్ళ దగ్గర ఒక టక్కు, పళ్ళ దగ్గర ఒక టక్కు, ప్రతి వాక్యం చివరా ఒక జుర్రు. తర్వాత ఇంకొకరు, తర్వాత మా అమ్మాయి. అందరిదీ ఒకటే బాణీ.

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమ్మా, ఈ పిల్లలందరికీ ఒక్కసారే నోరు పూసిందా?" అన్నారు.

"అబ్బే, వీళ్ళకి ఎప్పుడూ జలుబే మాష్టారూ" అన్నాను. టక్కు, జుర్రు.

ఆయన నావైపు చూశారు. అప్పుడు నా చప్పుడు నాకు మొదటిసారి వినపడింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

అప్పటికే పిల్లల్ని తీసుకెళ్ళడానికి పెద్దవాళ్ళు గుమ్మంలో చేరారు. సిగ్గుతో చచ్చిపోవాల్సినదాన్ని, తిరిగి వాళ్ళమీదే విరుచుకుపడ్డాను. "ఇన్నాళ్ళూ మీకెవరికీ వినపడలేదా?"

వరంగల్ ఆవిడ మొహమాటపడుతూ, "మీ కోస్తాల గట్లనే మాట్లాడుతరేమో అనుకున్న అక్కా. అడిగితే మంచిగుండదని ఊకున్న" అంది.

కాకినాడాయన ఆశ్చర్యంగా ఆవిడకేసి చూశారు. "అదేంటండీ, మేమేమో తెలంగాణాలో అలా అంటారనుకున్నామండి!"

తప్పు వాళ్ళదీ కాదు. నేను పుట్టింది ఖమ్మం, చదువుకుంది బెజవాడ. నా యాస ఎటుదో నాకే తెలియదు. గుమ్మంలో వాళ్ళ వెనకాలే నిలబడ్డ మా ఆయనకి మాత్రం ఆ సాకు లేదు. "మీరు?" అని ఆయన్ని నిలదీశాను. "చెబితే నువ్వు ఊరుకుంటావా?" అన్నారు.

పిల్లలవైపు తిరిగి నిజం చెప్పేశాను. ఆ టక్కు తెలుగు కాదు, నా తీగ. ఆ జుర్రు కూడా తెలుగు కాదు, నా ఉమ్ము. రెండూ మర్చిపోండి అన్నాను. మా అమ్మాయి చెయ్యెత్తింది.

"మరి సెంటెన్స్ అయిపోయింది అని ఎలా తెలుస్తుంది?"

గుమ్మంలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. కానీ లోపల కుమిలిపోయాను. డాక్టరు ఆ తీగ ఇంకో ఏడాదికిగాని తీయనన్నాడు. అప్పటిదాకా క్లాసు మూసేస్తానని అందరిముందూ అనేశాను. ఏడాది ఆగితే ఈ పిల్లలు బేస్‌బాల్‌కో పియానోకో పోతారు, మళ్ళీ ఇటు రారు. ముందు పోయేది మా అమ్మాయేనని కూడా నాకు తెలుసు.

మాష్టారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. "నాకు పళ్ళసెట్టు వేసిన ఏడాది స అంటే ఈల వచ్చేదమ్మా. నేను బోర్డువైపు తిరగ్గానే నలభైమంది మగపిల్లలూ ఈల వేసేవాళ్ళు."

"ఏం చేశారు?"

"బెత్తం పుచ్చుకున్నాను."

"వాళ్ళు మానేశారా?"

"నేను రిటైరయ్యేదాకా మానలేదు." పిల్లలకేసి చూశారు. "వాళ్ళు నన్ను వెక్కిరించారు. వీళ్ళు నిన్ను నమ్మారు. మూయకమ్మా. నేనున్నన్నాళ్ళూ అక్షరం నేను పలుకుతాను, పాఠం నువ్వు చెప్పు."

నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు కొంగుతో మొహం తుడుచుకున్నాను. పిల్లలకి ఆ మాట నేనే చెప్పాలనిపించి, వాళ్ళవైపు తిరిగి, "వచ్చే ఆదివారం క్లాసు ఉంది, అందరూ రండి" అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. ఎనిమిదిమందీ నా మొహంలోకి చూస్తూ, నేను ఉమ్ము లోపలికి పీల్చుకునేదాకా ఆగి, అప్పుడు పుస్తకాలు సర్దుకున్నారు.