రాజ్యం మామ్మ ఎడమ కన్ను

టీవీలో ఏడున్నరకి వచ్చే ఆస్పత్రి కామెడీలో డాక్టరు జబ్బు తప్పు చెప్పేలోపే రాజ్యం మామ్మ ఒప్పు చెప్పేసేది. అతను గ్యాస్ అంటే ఈవిడ అపెండిసైటిస్ అనేది, చివరికి అదే అయ్యేది. ఆ ధైర్యంతోనే కోడలు మల్లేశ్వరి తలనొప్పిని మెదడులో గడ్డగా తేల్చి, రెండ్రోజులు ఆ పిల్లకి ముద్ద దిగకుండా చేసింది.

ఒకసారి ఆ డాక్టరు విరిగిన కాలు వదిలేసి బాగున్న కాలికి కట్టు కట్టాడు. మామ్మకి నవ్వీ నవ్వీ పొలమారింది. మిరపకల్లంలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

కల్లంలో మామ్మ పని ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరడం. ముప్పై ఏళ్ళలో ఒక్క తాలు కాయ ఆవిడ కన్నుగప్పలేదు. నిరుడు ఎడమ కంటికి పొర కమ్మింది. కోతల నాటికి చూపు రాకపోతే కూలి ముఠాలో చోటు పోతుందని, ఆపరేషన్‌కి గుంటూరు బస్సెక్కింది.

ఆపరేషన్ గది ముందు నర్సు కుడి కనుబొమ్మ మీద స్టిక్కర్ అంటించింది. పొర ఎడమదానికమ్మా అంది మామ్మ. నర్సు కాగితం చూసింది. అందులో కుడి అనే ఉంది.

"టీవీలో ఆ కామెడీ చూస్తావా మామ్మా?" అంది నర్సు.

"రోజూ చూస్తానమ్మా."

వరసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. మామ్మ కూడా నవ్వింది. నిజం డాక్టర్లు అలా చెయ్యరని ఆవిడ నమ్మకం.

బాగున్న కన్ను కోశారు. దానికి చీము పట్టి, పదిరోజుల్లో అదీ మసకైంది. ఆస్పత్రివాళ్ళు మర్యాదస్తులు, ఎడమదానికి మళ్ళీ రమ్మన్నారు.

కోతలకి కల్లంలో కూర్చుని మామ్మ జరిగింది చెప్పింది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. టీవీ కథలో కాలు తీసేసి కన్ను పెట్టింది, మామ్మకి కథలల్లడం వచ్చేసిందన్నారు. ఆవిడ ఎన్ని ఒట్లు వేస్తే అంత నవ్వారు. నవ్వనిది ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ ఒక్కతే. మామ్మ ఏరిన ఎర్రకాయల గుట్టలో చెయ్యి పెట్టి, గుప్పెడు తాలు కాయలు తీసి ఆవిడ ఒళ్ళో పోసింది.

"రేపట్నుంచి రామాకు మామ్మా."

నవ్వులు ఆగాయి. మామ్మ ఒళ్ళో కాయలు తడిమి చూసుకుంది. ముప్పై ఏళ్ళలో ఏనాడూ కారం చెయ్యి మొహం దాకా తేని మనిషి, అవే చేతులతో రెండు కళ్ళూ గట్టిగా తుడుచుకుంది.

రెండూ ఒకేలా మండాయి. వాటి మధ్య ఏ తేడా లేకుండా చేశాడు డాక్టరుగారు.