గుండీ కుట్టడానికి ముప్పావు గంట

పోయిన మంగళవారం పొద్దున మన బడి కుట్టు టీచరు చనిపోయింది. ఆదివారం బడి ఆవరణలో పెట్టిన సంతాప సభలో మీరు, అంటే ఆమె దగ్గరా నా దగ్గరా చదువుకున్న ఆడపిల్లలు, ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆమె మీకు ఎన్నెన్నో మంచి సలహాలు ఇచ్చిందని చెప్పారు. ముందు వరసలో కూర్చుని అన్నీ విన్నాను. పోయిన మనిషి లేచి కాదనలేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. ఆమె మీకు ఏ సలహా ఇవ్వలేదు. కావాలంటే గుర్తు తెచ్చుకుని ఒక్కటి చెప్పండి చూద్దాం.

ఇంకొకరు అమ్మలాంటిది అన్నారు. అదీ తప్పే. అమ్మలాంటిదైతే మీరు ఆమెకు ఒక్క మాటైనా చెప్పేవారా?

నేను మీ హెడ్మిస్ట్రెస్‌ని. ఇప్పుడు మనవరాళ్ళకు జడలు వేస్తూ, వంకర పాపిడి తీశానని వాళ్ళచేత మాటలు పడుతూ కాలం గడుపుతున్నాను. ఆమె గురించి రాయడానికి నాకున్న అర్హత ఒకటే. ఆ బడిలో ఆమెకు మెమో ఇచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

తొంభైల చివర్లో జిల్లా ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి హైస్కూల్లో పిల్లల కష్టసుఖాలు విని దారి చూపడానికి, అంటే కౌన్సెలింగ్ చేయడానికి, ఒక టీచరు ఉండాలట. నేను ఆమెలో ఏదో గొప్పదనం కనిపెట్టి ఆ పని అప్పగించానని సభలో ఒకరు నన్ను కూడా పొగిడారు. నేను చూసింది టైంటేబుల్. అందరికంటే తక్కువ పీరియడ్లు కుట్టు టీచరువి.

అనంతపురంలో మూడు రోజులు ట్రైనింగుకు పంపాను. ఒక ఫైలు, ఒక పెన్ను పట్టుకుని తిరిగి వచ్చింది. ఏం నేర్పారని అడిగాను.

"పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి కండ్లలోకి చూస్తా మాట్లాడాలంట మేడం. కండ్లలోకి చూస్తే మన పిల్లోళ్ళు నోరు తెరుస్తారా? ఏందో తప్పు చేసినామనుకుని తల వంచుకుంటారు."

నేను వినలేదు. సైన్సు సామాన్ల గది ఖాళీ చేయించి, బల్ల, రెండు కుర్చీలు వేయించి, తలుపు మీద నీలం రంగుతో 'సలహా గది' అని నేనే రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. రెండు నెలల్లో ఆ గదిలోకి అడుగుపెట్టింది ఒకే ఒక్క పిల్ల. అదీ క్లాసు టీచరు తోస్తే. బయటికి రాగానే పిల్లలంతా చుట్టూ చేరి "ఏమే, నీకు తిక్క లేసిందంట గదా?" అని అడిగారు. వారం తిరక్కుండా దానికి 'తిక్కోళ్ళ గది' అని పేరు పడింది. నా దస్తూరీ వృథా అయింది.

అప్పుడు ఆమె ఎవర్నీ అడక్కుండా కుట్టు మిషనును వరండాలోకి, నీళ్ళ డ్రమ్ము పక్కకు జరిపించుకుంది. అవి కరువు రోజులు. ట్యాంకరు వస్తేనే డ్రమ్ములో నీళ్ళు, డ్రమ్ము ముందు ఎప్పుడూ వరస. వరసలో నిలబడిన పిల్లను ఎవరూ అనుమానించరు. "గుండీ ఊడినోళ్ళు, సంచి పట్టీ తెగినోళ్ళు ఇట్ల రాండి" అనేది, అంతే. పిల్ల పక్కన నిలబడేది. ఇద్దరి చూపూ గుండీ మీదే. ఆమె తలెత్తేది కాదు. మాట చిన్నదైతే నాలుగు పోట్లతో ముడి వేసేది. మాట పెద్దదైతే కుట్టిందంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

నేనొకసారి గడియారం చూసుకుని మరీ అడిగాను, ఒక్క గుండీకి ముప్పావు గంటా అని.

"గట్టిగా కుట్టినా మేడం" అంది.

కొన్నాళ్ళకు ప్రార్థనలో చూస్తే బడిలో గుండీల కరువు కూడా వచ్చినట్టుంది. ఇదేం క్రమశిక్షణ అని, గుండీ లేని పిల్లలు ఎండలో నిలబడాలని ఆర్డరు వేశాను. నాలుగో రోజు ఆమె నా గదికొచ్చింది.

"ఆ ఆర్డరు వెనక్కి తీసుకోండి మేడం. నా దుకాణం మూతపడింది."

పిల్లలు కావాలనే గుండీలు తెంపుకుంటున్నారని అప్పుడు తెలిసింది. ఆర్డరు వెనక్కి తీసుకున్నాను. తీసుకున్నట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు. హెడ్మిస్ట్రెస్ అన్నాక కొన్ని ఇబ్బందులుంటాయి.

నా అసలు తప్పు రిజిస్టరు. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించాలి కదా అని నాలుగు గళ్ళు గీసి ఇచ్చాను. విద్యార్థిని పేరు, సమస్య, ఇచ్చిన సలహా, ఫలితం. నెల తర్వాత తెరిచి చూశాను. పేరు గడిలో 'తొమ్మిదో తరగతి పిల్ల'. సమస్య, 'గుండీ'. సలహా, 'కుట్టడమైనది'. ఫలితం, 'ఊడలేదు'. పేజీ తర్వాత పేజీ ఇదే. నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నాను. ఎగతాళి కొంచెం ఉండే ఉంటుంది.

ఆ ఏడు సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతి పిల్ల ఒకతె బడికి రాలేదు. లెక్కల్లో చురుకైనది. పబ్లిక్ పరీక్షలకు ఇంకా రెండు నెలలే. సెలవులకు ముందు ఆ పిల్ల వరసగా మూడు రోజులు మిషను పక్కన నిలబడడం నా కళ్ళతో చూశాను. కుట్టు టీచరును పిలిచి, ఆ పిల్ల ఏం చెప్పిందో చెప్పమన్నాను.

"ఆ బిడ్డ నాకు చెప్పింది మేడం. మీకు చెప్పలే."

"దాని పరీక్ష పోతుంది. నేను హెడ్మిస్ట్రెస్‌ని."

"అవును మేడం" అంది. నేను హెడ్మిస్ట్రెస్‌నని ఒప్పుకుంది, అంతకుమించి కదల్లేదు.

అప్పుడిచ్చాను మెమో. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, పై అధికారికి సహకరించకపోవడం. మంచి భాషలో రాశాను. ఆమె మడిచి సూదుల డబ్బాలో పెట్టుకుంది.

మూడో రోజు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. విడపనకల్లు వైపు పల్లెలో పొలాలున్న మనిషి, ఎన్నికలప్పుడు జీపుల్లో తిరిగే మనిషి. వెంట ఇద్దరున్నారు. నేరుగా వరండాలోకి పోయి మిషను ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, నా బిడ్డ ఈడ నిలబడి ఏం చెప్పిందో నాకు తెల్లాల. ఎవుని సంగతో ఉండాది. అన్నీ పుస్తకంలో రాస్తారంట గదా? తీయి బయటికి."

నేను నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆ పుస్తకం గళ్ళు గీసింది నేను. ఆమె రిజిస్టరు తీసి అతని చేతికిచ్చింది. అతను నిలబడి చదివాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"ఇదేంది? అంతా గుండీలేనా?"

"ఆ కింద సంచి పట్టీలు కూడా ఉండాయి చూడన్నా."

వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. నేను చెప్పినట్టు ఆమె ఆ నాలుగు గళ్ళూ బుద్ధిగా నింపి ఉంటే, ఆ పిల్ల నమ్మి చెప్పిన మాట ఏదైనా సరే, ఆ పూట తండ్రి చేతిలో ఉండేది. ఆ తర్వాత పరీక్ష సంగతి ఎవరూ మాట్లాడనక్కరలేదు. నేను ఆ రోజు నేర్చుకున్నంత నా బీఈడీలో నేర్చుకోలేదు.

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నీ చొక్కాకే పై గుండీ లేదు కదన్నా. పెద్దమనిషివి, ఇట్లనే తిరుగుతాండావా? విప్పియ్యి. ఒంటిమీద ఉండంగా నేను కుట్టను."

ఎందుకు విప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా అతనికీ తెలియదు. బనీను మీద తువ్వాలు కప్పుకుని నిలబడ్డాడు. వెంట వచ్చినవాళ్ళను టీ తాగి రమ్మని ఆమే పంపింది. చొక్కా ఆమె చేతిలో ఉంది, బనీనుతో బజార్లోకి పోలేడు. ఇక ఆమె తల వంచి కుట్టడం మొదలుపెట్టింది.

నా గది కిటికీలోంచి అతని వీపు మాత్రం కనిపించింది. మొదట గట్టిగానే మాట్లాడాడు, చేతులు తిప్పుతూ. తర్వాత చేతులు ఆగాయి. గొంతు తగ్గింది. నీళ్ళ వరసలో ఉన్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే అతనికి వీపు పెట్టి నిలబడ్డారు. ఒకసారి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కుట్టింది విప్పడం రెండుసార్లు చూశాను.

చొక్కా తొడుక్కుని నా గది గుమ్మం దగ్గర ఆగి, "సోమవారం పంపిస్తా పెద్ద మేడం" అని చెప్పి పోయాడు.

నేను పరుగెత్తినంత పని చేశాను. "ఏమన్నాడు?"

"ఆయప్ప నాకు చెప్పినాడు మేడం. మీకు చెప్పలే."

మెమో వెనక్కి ఇచ్చెయ్యమన్నాను, రద్దు చేస్తానని. తీసి చూపించింది. వెనకవైపు ఎవరిదో జాకెట్టు కొలతలు రాసుకుంది. అది అవసరమట, ఇవ్వలేదు.

ఆ పిల్ల ఎవరో మీలో కొందరు నన్ను అడుగుతారు. అడగండి. నేనూ చెప్పను.

బడి మానేవాళ్ళందర్నీ ఆమె ఆపలేకపోయింది, అది కూడా రాయాలి. వానల్లేక శెనక్కాయ పంట పోయిన ఏడు బెంచీలు ఖాళీ అయ్యేవి. ఇంటిల్లిపాదీ బెంగళూరు పనులకు పోయేవాళ్ళు. గుండీలు కుడితే వానలు కురవవు. రాయదుర్గంలో జీన్సు కుట్టే పనికి పోయిన పిల్లలు పండక్కి వచ్చి, మీరు నేర్పిన కుట్టుతోనే బతుకుతున్నామని కాళ్ళకు దండం పెడితే ఆమె ముఖం వికసించేది కాదు. "ఆడ మిషను పక్కన ఎవురినైనా నిలబడనిస్తారా?" అని అడిగేది.

సభలో కౌన్సెలింగ్ సెంటరు కట్టి ఆమె పేరు పెడతామన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తలుపున్న గది నేనూ పెట్టాను, దాని గతి మీకు చెప్పాను.

ఆ పిల్ల పరీక్షలన్నీ రాసింది. ఫలితాల రోజు నేను పేపరు కోసం బస్టాండుకు పోతే కుట్టు టీచరు అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చుని లంగాకు అంచు కుడుతోంది. ప్రతి ఏడూ అలా కూర్చుంటుందని అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో పేపర్లో పాసైన నంబర్లే వేసేవారు. పదింటికల్లా పిల్లలు కేకలు వేసుకుంటూ వచ్చి పోయారు. ఇక పోదాం పద అన్నాను.

"పాసైనోళ్ళు పొద్దున్నే వస్తారు మేడం. మీరు పోండి."

పోలేదు. నాలుగు దాటాక, పేపరు నలిగి నూనె మరకలు పడ్డాక, ఆ పిల్ల వచ్చింది. ఒక్కతే. నంబర్ల మీద వేలు పెట్టి కిందికీ పైకీ చాలాసేపు వెతికింది. నంబరు లేదు. సోషల్లో పోయిందని మార్కులొచ్చాక తెలిసింది, లెక్కల్లో కాదు. వచ్చి బల్ల మీద కూర్చుంది. కుట్టు టీచరు కొంచెం జరిగింది. నోరు తెరవబోయిన నా కాలు తొక్కింది. రాయదుర్గం బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. అప్పుడు ఆ పిల్ల, "సెప్టెంబరు పరీక్షకు అప్లికేషను ఎప్పుడియ్యాల టీచరమ్మా?" అంది. సెప్టెంబర్లో పాసైంది.

వచ్చే శుక్రవారం పదో తరగతి ఫలితాలు. ఇప్పుడు పేపరు లేదు, బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటరులో చూపిస్తున్నారు. ఊర్లో ఉన్నవాళ్ళు తొమ్మిదిన్నరకే వచ్చి ఆ మెట్ల మీద కూర్చోండి. నేనూ ఉంటాను. నాకు సూదిలో దారం ఎక్కదు కాబట్టి చాటలో శెనక్కాయలు తెస్తున్నాను, ఒలుద్దాం. ఎన్ని మార్కులని ఎవర్నీ అడగొద్దు. ఎవరైనా పక్కన కూర్చుంటే కొంచెం జరిగి గుప్పెడు కాయలు వాళ్ళ ముందుకు తొయ్యండి. మధ్యాహ్నం అక్కడ నీడ ఉండదు, గొడుగు తెచ్చుకోండి. అన్నం అక్కడికే తెప్పించుకుందాం. సెంటరు షట్టరు దించేదాకా ఎవరూ లేవకండి.