మలుగు తొట్టిలో ఉన్న డెబ్బైమూడు రోజులు

జూలై తొమ్మిదో తేదీ మంగళవారం ఉదయం రేపల్లె చేపల బజారులో నేను కొలిచిన మలుగు పొడవు ఎనభైనాలుగు సెంటీమీటర్లు. మూతి నుంచి మలద్వారం దాకా ముప్పైఆరు. మూతి నుంచి వీపు రెక్క మొదలయ్యే చోటి దాకా ముప్పైఒకటి. తేడా అయిదు. అయిదును ఎనభైనాలుగుతో భాగిస్తే నూటికి ఆరు, కొంచెం తక్కువ. ఆ ఆరును నా కొలతల పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీశాను.

మలుగు అంటే పాములా పొడుగ్గా, చేతికి చిక్కకుండా జారిపోయే చేప. మా డెల్టా కాలవల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకదాని వీపు రెక్క మలద్వారానికి చాలా ముందే మొదలవుతుంది. ఒంటి మీద మచ్చలుంటాయి. రెండోదాని రెక్క దాదాపు మలద్వారానికి ఎదురుగా మొదలవుతుంది. ఒళ్ళంతా ఒకటే రంగు. నా పుస్తకం ప్రకారం మొదటి రకానికి ఆ తేడా నూటికి పది దాటుతుంది, రెండో రకానికి రెండు దాటదు.

రెండూ ఒకే కాలవలో బతుకుతాయి, ఒకే రొయ్యపిల్లల్ని తింటాయి. ఈడొచ్చాక సముద్రంలోకి దిగి, ఒక్కసారే గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతాయి. మన మలుగులు సముద్రంలో ఎక్కడ కలుస్తాయో చూసినవాళ్ళు లేరు. చోటు వేరు కావచ్చు, నెల వేరు కావచ్చు, అందుకే రెండు రకాలూ కలిసిపోకుండా వేరువేరుగా ఉంటున్నాయని బాపట్ల కాలేజీలో ముప్పైరెండేళ్ళు పిల్లలకు చెప్పాను. అయితే అట్లాంటిక్ సముద్రంలో రెండు రకాల మలుగులు ఒకే ప్రాంతంలో గుడ్లు పెడతాయి, అప్పుడప్పుడూ కలుస్తాయి కూడా. ఒక రకం పిల్లలు తక్కువ కాలం, రెండో రకం పిల్లలు ఎక్కువ కాలం నీటిలో కొట్టుకుపోయి తమ తమ తీరాలు చేరతాయి. రెండింటికీ పుట్టిన సంకరం పిల్లలు చాలావరకు ఆ మధ్యదారిలో ఉన్న ఐస్‌లాండ్‌లో తేలతాయి. అక్కడ జరిగేది ఇక్కడెందుకు జరగదని నా ప్రశ్న. రిటైరయ్యాక కూడా నెలకు రెండు మంగళవారాలు తెనాలి నుంచి రేపల్లె రైలెక్కింది ఆ ప్రశ్న కోసమే. పుస్తకంలో నాలుగు వందల పన్నెండు మలుగులున్నాయి. రెండు రకాలకూ మధ్యలో పడినవి మూడే. అవి కొలిచిన రోజే ఎవరింట్లోనో కూరయ్యాయి.

ఇది నాలుగోది, ప్రాణంతో ఉంది.

దాన్ని నా కోసం దాచింది పదిహేనేళ్ళుగా నాకు తెలిసిన చేపలమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు మనవలున్నారు. నేను టైలరు టేపు తీయగానే ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"ఏంటి టీచరమ్మా, ఇయ్యాళైనా దీనికి జాకెట్టు కుట్టేదుందా లేదా?"

"ఇది అమ్మొద్దు. నేను తీసుకెళ్తాను."

"మీరు తింటారా?" అని, చేప ముట్టని నన్ను చూసి గట్టిగా నవ్వింది. "మొదలెట్టారన్నమాట!"

తడి గోనెసంచిలో చుట్టి తెనాలి తెచ్చాను. నేనూ మా చెల్లెలూ ఉండేది రెండో అంతస్తులో. మేడ మీద వాడకుండా వదిలేసిన సిమెంటు తొట్టి ఉంది. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. నీళ్ళు పట్టి, దాక్కోవడానికి ఒక పగిలిన కుండ పడేసి, పైన రేకు మూసి, రేకు మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. నా దగ్గర చదువుకుని ఇప్పుడు బాపట్లలో పాఠాలు చెబుతున్న అమ్మాయికి ఫోన్ చేశాను. రెక్క చివర గోరంత ముక్క తీసి పరీక్షిస్తే సంకరమో కాదో తేలిపోతుంది.

"సోమవారం వస్తాను మేడం," అంది.

ఆ సోమవారం రాలేదు. జూలై ఇరవైమూడున తొట్టికి బకెట్టుతో నీళ్ళు మోస్తూ మేడమెట్ల మీద పడ్డాను. పందొమ్మిది మెట్లలో పదిహేనోది. ఎడమ చీలమండ విరిగింది. ఎనిమిది వారాలు సిమెంటు కట్టు, కాలు కింద పెట్టకూడదన్నారు.

మేడ మీది తొట్టి సరిగ్గా నా మంచానికి నేరుగా పైన ఉంది. పడుకుంటే సీలింగు ఫ్యానూ, దాని వెనక కప్పూ కనిపిస్తాయి. వాన పడిన మధ్యాహ్నాల్లో పైన రేకు దడదడమనేది. మొదట గాలి అనుకున్నాను. తర్వాత లెక్కపెట్టాను. వాన మొదలైన పావుగంటకు మొదలయ్యేది, నిమిషానికి నాలుగైదు దెబ్బలు, వాన వెలిశాక కాసేపటికి ఆగేది.

చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్నది, మోకాళ్ళు మాత్రం నాకంటే ముసలివి. మెట్టుకొక దేవుడి పాట పాడుకుంటూ ఎక్కి మలుగుకు ఎర్రలు, అదే వానపాములు, వేసి వచ్చేది.

"నీ అల్లుడుగారు తిన్నారు," అనేది. "కుండలోంచి తల బయట పెట్టడు, సిగ్గు."

"నీళ్ళెలా ఉన్నాయి?"

"పచ్చగా. పాచి."

"వీపు రెక్క ఎక్కణ్ణించి మొదలైందో చూడగలవా?"

"అక్కా, నేను దాని మొహమే సరిగ్గా చూడలేదు. పాముని చూసినట్టుంటుంది నాకు. వీపు కూడా చూడాలా?"

బాపట్ల అమ్మాయి రెండోసారి కాలేజీలో పరీక్షలన్నది, మూడోసారి ల్యాబుకు మందులు రాలేదన్నది. నేను కసరలేదు. ఆమె రాకపోతే నాలుగోదీ పోయినట్టే. అందుకని ప్రతిసారీ సరేనన్నాను.

ఆగస్టు ఇరవైఆరున చెల్లెలు ఎర్రలు తిరిగి తెచ్చింది.

"అన్నం మానేశారు. మూడు రోజులుగా వేసినవి వేసినట్టే ఉన్నాయి. జబ్బేమో."

"పొట్ట ఏ రంగు?"

"తెల్లబడింది. కళ్ళు పెద్దవయ్యాయి అక్కా, అదేంటో. నన్నే చూస్తోంది."

అది జబ్బు కాదని నాకు తెలుసు. సముద్రానికి వెళ్ళే ఏడాది మలుగు తిండి మానేస్తుంది, పొట్ట వెండిరంగుకు తిరుగుతుంది, లోతు నీళ్ళలో చూడడానికి కళ్ళు పెరుగుతాయి. వరదతో పాటు కిందికి దిగిపోతుంది. ఇన్నేళ్ళూ పాఠం చెప్పాను గానీ ఆ స్థితిలో ఉన్నదాన్ని చూడలేదు. ఇప్పుడు చూడడానికి పందొమ్మిది మెట్లు అడ్డం.

"వదిలేద్దామా పోనీ?" అంది చెల్లెలు. "వాచ్‌మన్‌ని బతిమాలి కాలవలో..."

"పరీక్ష అయ్యేదాకా వద్దు. పొత్రం పక్కన ఇంకో ఇటుక పెట్టు."

చెల్లెలు మోకాళ్ళు పట్టుకుని లేచింది. వెళ్ళి ఇటుక పెట్టింది. ఆ చప్పుడు నాకు కింద వినిపించింది.

సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చింది. టీవీలో ఎర్రనీళ్ళు చూపిస్తున్నంతసేపూ పైన రేకు కొట్టుకుంటూనే ఉంది. టీవీ సౌండు పెంచమన్నాను.

పదిహేడో తేదీ మంగళవారం కట్టు విప్పారు. మర్నాడు పొద్దున్నే కూర్చుని ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కాను. ఇరవైరెండు నిమిషాలు పట్టింది. చెల్లెలు అంతకుముందురోజే పాచినీళ్ళు తోడి మంచినీళ్ళు పట్టించింది. రేకు తీశాం.

ముందు కనిపించింది దాని మూతి. రేకుకు రాసుకుని రాసుకుని ముక్కు దగ్గర తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. తర్వాత వీపు చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. మలుగు వీపు రెక్క మొదట్లో వెంట్రుకవాసి ఎత్తున సన్నగా లేస్తుంది. ఆ సన్నని అంచు నేను జూలైలో గుర్తు పెట్టిన చోటుకంటే బాగా ముందునుంచి, నీటి కదలికకు ఊగుతూ కనిపించింది. పక్కల్లో వెలిసిపోతున్న మచ్చలు కూడా ఉన్నాయి.

చెల్లెలు కళ్ళు మూసుకుని తోక పట్టుకుంది. టేపు పెట్టాను. మొత్తం ఎనభైనాలుగు. మలద్వారం ముప్పైఆరు. రెక్క ఇరవైఅయిదున్నర. తేడా పదిన్నర, అంటే నూటికి పన్నెండున్నర. సంకరం కాదు, మచ్చల రకం. మన కాలవల్లో ఎప్పుడూ ఉండేదే.

"ఏమైంది?" అంది చెల్లెలు.

"తప్పు కొలిచాను."

"నువ్వా?"

బాపట్లకు ఫోన్ చేసి రావద్దన్నాను. ఇరవయ్యో తేదీ శుక్రవారం ఉదయం మలుగును తడి గోనెలో చుట్టి, పాల క్యాన్‌లో పెట్టి, చెల్లెల్ని తోడు తీసుకుని రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటాక ఎదుటి సీటాయన క్యాన్ వైపు వంగాడు.

"ఏంటి బామ్మగారూ, కదులుతోంది అందులో?"

"మా అక్క అల్లుడండి," అంది చెల్లెలు. "పుట్టింటికి దిగబెడుతున్నాం."

నాకు నవ్వు రాలేదు. ప్రతి స్టేషన్‌లోనూ గోనె మీద నీళ్ళు చల్లాను.

చేపలమ్మాయి మమ్మల్ని ఆటోలో కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవుకు తీసుకెళ్ళింది. దారిలో అడిగాను.

"ఆ రోజు దీని వీపు మీద ఏమైనా ఉందా అమ్మాయ్?"

"బూడిదండి. పొయ్యి బూడిద పూశాను కదా."

"ఎందుకు?"

"మీ కోసమే. చాలాయేళ్ళ కిందట చేతిలోంచి జారిపోతోందని కసురుకున్నారు గుర్తులేదా? అప్పట్నించీ పెద్దది పడితే మీరు రాకముందే బూడిద రుద్ది ఉంచుతున్నాను. మీ చేతులు ముసలివైపోయాయి కదమ్మా."

చేప పట్టు చిక్కడానికి బూడిద రుద్దడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. నేనూ రుద్దుతాను. జిగురుతో కలిసి అది సన్నని రెక్క అంచును ఒంటికి అంటించేస్తుందని, మచ్చల్ని కప్పేస్తుందని నాకు తట్టలేదు. మధ్యలో పడిన ఆ మొదటి మూడూ పెద్దవే. మూడూ ఈమె బుట్టలోవే. ఆమె మొహం చూసి ఆ మాట బయటికి అనలేదు. "మంచిపని చేశావు," అన్నాను.

రేవులో పోటు తగ్గేదాకా గంటా పది నిమిషాలు ఆగాం. నీరు సముద్రంవైపు లాగడం మొదలయ్యాక చేపలమ్మాయి మోకాలి లోతుకు దిగి గోనె విప్పింది. నేను కర్రతో గట్టున నిలబడ్డాను. మలుగు అంచునే, బురదలో, వంకర తిరగకుండా తిన్నగా పడుకుంది. తొట్టిలో దాక్కునే కుండలోంచి బయటికి వచ్చినప్పుడు కూడా అలాగే ఉండేదని చెల్లెలు చెప్పింది. వాచీ చూశాను. ఒక నిమిషం. రెండు. నాలుగో నిమిషంలో చేపలమ్మాయి కాలివేలితో దాని తోకను తాకింది. ఒళ్ళు ఒకసారి మెలిక పడింది. అంతే, ఎర్రనీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఎటు పోయింది?" అని అరిచాను.

"లోపలికి పోయిందమ్మా."

"కిందికా, పైకా?"

"నాకేం కనపడిందండి, నీళ్ళు ఇట్లా ఉంటే!"

తిరుగు రైలు మూడు ఇరవైకి. అప్పటిదాకా గట్టు మీదే కూర్చుంటానన్నాను. చెల్లెలు ఖాళీ క్యాన్ బోర్లించి దాని మీద నన్ను కూర్చోబెట్టింది.