చచ్చిన రాజు తాళం కొట్టాలె

ఎదుట పదిమంది కూడా లేనప్పుడు మనిషి గొంతు పెంచాలా, తగ్గించాలా? ఈ వయసుకు వచ్చినా నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురుపడలేదు. పెబ్బేరు నుంచి గద్వాల పోయే పాతరోడ్డు మీద, శ్రీశైలం హోటల్లో ఎదురుపడింది.

హోటలంటే రేకుల కప్పు, బయట పొయ్యి, లోపల బల్లలు. పొద్దున బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జి. పొద్దుగూకే దాకా చాయ్. నేను అక్కడ చాయ్ తాగుతూ ఏదో ఒకటి చదువుకునేవాణ్ని. గ్లాసు ఖాళీ అయిందని ఎవరూ లేపేవాళ్లు కాదు.

హోటలు యజమాని శ్రీశైలం యాభై దాటిన మనిషి, నిండైన విగ్రహం. సేద్యం పనులు తీరాక ఊరూరా వీధి భాగవతం ఆడే జట్టులో రాజు వేషం అతనిదే. హోటల్లో వంట చేసే యాదయ్య ఆ జట్టులో హాస్యగాడు. శ్రీశైలం భార్య రేణుక ఏ వేషమూ కట్టలేదు గాని, ఒక్క ఆటా వదలకుండా చూసింది.

ఊరి బయట నుంచి కొత్త రోడ్డు పడ్డాక బస్సులు అటు మళ్లాయి. పెబ్బేరు సంతకు ఎద్దులను తీసుకుపోయే బండ్లూ అటే పోయాయి. బల్లలు ఖాళీ అయ్యాయి. శ్రీశైలానికి ఒకటే దిగులు, యాదయ్యను పంపించాల్సి వస్తుందేమోనని. యాదయ్య ఒకప్పుడు బొంబాయిలో మట్టిపని చేసి, నడుం చెడగొట్టుకుని తిరిగొచ్చినవాడు. ఈ పొయ్యి దగ్గర నుంచి లేస్తే అతనికి మళ్లీ ఆ పారా, తట్టే దిక్కు.

జనం రాకపోతే భాగవతంవాళ్లు ఏం చేస్తారు? ఆట మొదలుకాక ముందు మద్దెల గట్టిగా మోగించి ఊరిని పిలుస్తారు. శ్రీశైలం కూడా అదే చేశాడు. రేకుల మీద మైకు కట్టి, తన రాజు పద్యాలే పొద్దంతా మోగించాడు. రంగు బల్బులు వేలాడదీశాడు. పరోటా, నూడుల్స్ అని బోర్డు రాయించాడు. ఆ మోతకు రోడ్డు మీద పోయే గొర్రెలు బెదిరి చేలల్లో పడ్డాయి.

"ఏందన్నా, గొర్లకు ఆట ఆడుతున్నవా?" అన్నాడు యాదయ్య.

"నవ్వకురా. మద్దెల మోగితెనే గద జనమొచ్చేది!"

"ఊర్లె జనముంటె వస్తరు. ఈడ ఎవరున్నరు? నువ్వు, నేను, పుస్తకాల సారు. సారుకు గూడ నీ పద్యాలతోని చదువు సాగుతలేదు."

నిజమే. ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివేవాణ్ని.

పరోటాల పిండి పులిసి కుక్కల పాలైంది. ఒక మధ్యాహ్నం శ్రీశైలం గల్లాపెట్టె వెనక, సింహాసనం మీద కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని, "యాదీ... వచ్చే నెల నుంచి నువ్వు..." అని ఆగిపోయాడు. యాదయ్య గరిటె కడిగి బోర్లించాడు.

గ్లాసులు తోముతున్న రేణుక తల ఎత్తకుండానే అడిగింది. "లింగాల ఊర్ల ఆట నడుమ వానొచ్చింది, యాదున్నదా?"

"ఎందుకు లేదు? జనమంత లేసి ఉరికిరి. గొంగడి గప్పుకొని ఒక ముసలవ్వ, ఇంక ఇద్దరో ముగ్గురో మిగిలిన్రు."

"అప్పుడేం జేసిన్రు?"

"ఏం జేస్తం? ఆడే గుండ్రం జిన్నగ జేసినం. ఉన్నోళ్లను దగ్గరికి పిలిచి, వాళ్ల ముంగట్నే..."

"మైకు వెట్టిన్రా?"

"మైకెందుకే? మెల్లగ పాడినం. ముసలవ్వ ఏడ్సింది గూడ." అంటూ అంటూనే శ్రీశైలం గొంతు తగ్గింది.

"సరె. మీ ఆటల రాజు సచ్చినంక ఏం జేస్తడు?"

యాదయ్య అందుకున్నాడు. "ఎవ్వరికి జెప్పకుంట లేసి, తెర ఎన్కకు పోయి తాళం గొట్టాలె, వొదినా! వంత పాడనీకి మనుషులు తక్కువ గద!"

"మా మారాజు గల్లా కాడనే సచ్చిండు. గని లేసి తాళం గొడ్తలేడు."

యాదయ్య పగలబడి నవ్వాడు. శ్రీశైలం మొహం ఎర్రబడింది.

మర్నాడు నేను వెళ్లేసరికి మైకు లేదు. బల్లలు చాలావరకు వెనక గోడకు చేరాయి. మిగిలినవి పొయ్యి చుట్టూ దగ్గరగా వేసి ఉన్నాయి. బోర్డు మీద ఉగ్గాని, బజ్జి, చాయ్ తప్ప అన్నీ చెరిపేశాడు. గల్లా మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. రాజు చాయ్ కేతిలీ పట్టుకుని, పల్లీ పీకే ఆడవాళ్ల దగ్గరికి గట్ల వెంట పోతున్నాడు.

పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకు బజ్జి మూకుట్లోంచి నేరుగా చేతికి వచ్చేది, దాంతోపాటు యాదయ్య మాటా వచ్చేది. చాయ్ తాగి పోదామని ఆగిన ఆటోవాడు నవ్వుతూ రెండో వాయి అడిగేవాడు. సాయంత్రాలు పల్లీ పీకిన ఆడవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. బస్సులు తిరిగి రాలేదు. హోటలూ పెద్దది కాలేదు. యాదయ్య మాత్రం పొయ్యి దగ్గరే ఉన్నాడు.

కష్టకాలంలో మనుషుల్ని తగ్గించుకోమని వ్యాపారం పుస్తకాల్లో చదివాను. ఈ జట్టు గుండ్రాన్ని తగ్గించుకుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఏ వానలోనూ ఆట ఆడి ఉండరు.

మొన్న శ్రీశైలం నా పక్కన కూర్చుని, ఖిల్లా ఘణపూర్‌లో ఆడబోయే ఆట కోసం కిరీటానికి ఊడిన అద్దాలు అతికిస్తున్నాడు. మనసులో మాట అడిగాను. "ముందు గొంతు పెంచావు, తర్వాత తగ్గించావు. ఏది సరైంది?"

"రెండోదే అనుకుంటిని సార్. గని మొదలు మద్దెల మోగకపోతె లింగాలల ఆ ముసలవ్వ గూడ వచ్చేది గాదు గద?" జిగురు అంటిన వేలు తుడుచుకున్నాడు. "గట్లని పొద్దంత మద్దెలే కొడ్తె ఆటెప్పుడు ఆడాలె? అసలు సంగతేందంటె, సార్..."

"ఓ మారాజా! చాయ్!" చేలోంచి ఎవరో ఆడమనిషి కేక వేసింది.

కిరీటం బల్ల మీద పెట్టి లేచాడు. రేణుక కేతిలీ నింపి ఇచ్చింది. అసలు సంగతి కోసం నేను పుస్తకం మూసి కూర్చున్నాను. అతను తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా గట్టు దిగి పోయాడు.