మేము ఆపగలిగిన ఒకే ఒక్క జీపు

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఆ రోజుల్లో, ప్రజాస్వామ్యమంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా నాలుగు పేజీలు రాసిచ్చేదాన్ని. రాజనీతి శాస్త్రంలో కాలేజీ మొత్తానికీ నాకే ఎక్కువ మార్కులు మరి (ఆ సబ్జెక్టు తీసుకున్నది పదకొండు మందిమే అన్న సంగతి ఇంట్లో చెప్పలేదు). రోడ్డెక్కితే ప్రభుత్వాలు దిగివస్తాయా అనే అంశం మీద వక్తృత్వ పోటీలో బహుమతి కూడా కొట్టాను. తీరా నిజంగా రోడ్డు మీద కూర్చోవలసి వచ్చిన రోజున, చదివినదాంట్లో ఒక్క ముక్కా పనికిరాలేదు.

మాది జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ మధ్య, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊరు. ప్రొద్దుటూరు కాలేజీకి పోవాలంటే పొద్దున ఏడింటికి ఒకటే బస్సు. రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఆ బస్సు ఒక సోమవారం రాలేదు, మంగళవారమూ రాలేదు. టికెట్లు తెగడం లేదని తీసేశారట. మగపిల్లలు బైకుల మీద ముగ్గురేసి ఎక్కి పోయారు, ఆడపిల్లలం తొమ్మిది మందిమి మిగిలాం. మా నాయన ఊరి బడిలో గుమాస్తా. ఆయనకు అర్జీ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. బస్సు డిపో మేనేజరుకు మూడు అర్జీలు రాసి, మూడింటికీ రసీదులు తెచ్చి ప్లాస్టిక్ కవర్లో దాచాడు. బస్సు మాత్రం రాలేదు. మూడో వారం అన్నం తింటూ, నా ముఖం చూడకుండా, "ఆటోల్లో ఇరుక్కోని పోయే సదువు మనకొద్దులే పాపా. ఈ యేటికి నిలబెడదాం. మీ అత్తోళ్ళు కూడా పెండ్లికి అడగతాండారు" అన్నాడు. నిలబెట్టిన చదువు మళ్ళీ మొదలుకావడం మా ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి రోజు పొద్దున్నే 'మైకు' దగ్గరికి పోయి ఏడ్చాను. (నా స్నేహితురాలు. మామూలుగా పిలిచినా పక్క వీధిలో వాళ్ళు పలికేవారు, అందుకని ఆ పేరు.) అది నన్ను ఓదార్చలేదు. "మీ నాయన రాసిందేదో రాసినాడు. ఇంగ మనం రోడ్డు మీద కూచుందాం పా మే" అంది. అట్లా తొమ్మిది మందిమీ, మా అమ్మలను కూడా వెంటబెట్టుకుని, మెయిన్ రోడ్డు మలుపులో టీ అంగడి ముందు చాపలు పరిచి, అడ్డంగా ఒక వెదురుబొంగు కట్టి కూర్చున్నాం.

మొదట వచ్చింది ట్రాక్టరు. దాని మీద మైకు సొంత మేనమామ. "రాస్తారోకో మామా, పోగూడదు" అని అది గట్టిగానే చెప్పింది. "చెయ్యండి మే, బాగా చెయ్యండి. నేను పోయి శెనిక్కాయ ఇత్తనం ఏసొస్తా, నేల పదునారిపోతాంది" అన్నాడాయన. మేనమామను ఎట్లా ఆపేది? బొంగు ఎత్తాం. తరువాత ప్రొద్దుటూరుకు పెళ్ళి బంగారం కొనడానికి పోయే వ్యాను. శుభానికి పోయేవాళ్ళను ఆపితే అరిష్టమని మా అమ్మలే లేచి బొంగు ఎత్తి, పెళ్ళికూతురికి బొట్టు కూడా పెట్టారు. ఆ తరువాత ఒకామె పెద్దమ్మ అయింది, ఒకాయన చిన్నాయన అయ్యాడు, ఒక ముసలాయన మా జేజికి చెల్లెలి కొడుకునన్నాడు. ఈ వరస కనిపెట్టిన లారీ డ్రైవరొకడు, ముందుగానే తల బయటపెట్టి, "నేను గూడా మీకు మామనే అయితా మే" అని నవ్వుతూ పోయాడు. పది గంటలకల్లా ఆ మలుపులో బండ్లు మామూలు రోజుల కంటే బాగా పోతున్నాయి. ఒక కానిస్టేబులు వచ్చి కాసేపు చూసి, "ట్రాఫిక్ శానా బాగా సూసుకుంటాండారమ్మా" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చింది ఆ జీపు. లోపల ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు. మైకు అలవాటు ప్రకారం, "సార్, మీది ఏ ఊరు?" అంది.

"తణుకు దగ్గరండి."

"ఈడ సుట్టాలెవరన్నా ఉండారా?"

"లేరండి. వారమే అయింది వచ్చి."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రోజున మొదటిసారి బొంగు లేవలేదు. ఎండ ముదిరింది. జీపును పక్కకు పెట్టించి, వెనక వచ్చిన మావాళ్ళ బండ్లను మాత్రం వదులుతూనే గంట గడిపాం. పరాయి మనిషిని పస్తుపెట్టడం మా అమ్మల వల్ల కాలేదు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టి, మజ్జిగ ఇచ్చారు. ఆయన తింటూ, "అందర్నీ వదిలేసి నన్నొక్కణ్ణే ఎందుకు ఆపారమ్మా?" అని అడిగాడు. "వాళ్ళంతా మావోళ్ళు సార్. ఆ డిపో మేనేజరు యాడుండాడో తెలిస్తే ఆయప్పనే ఆపుతుంటిమి" అంది మైకు.

ఆయన బజ్జీ కింద పెట్టి, "అది నేనేనమ్మా" అన్నాడు.

మైకు వాళ్ళమ్మ ఆయనకు ఇంకో రెండు బజ్జీలు వేసింది. నేను లేచి నిలబడ్డాను. బహుమతి తెచ్చిన ఉపన్యాసంలో ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. "బస్సు రాకపోతే మా నాయన నన్ను సదువు మాన్పిస్తాడు సార్" అన్నాను, అంతే. "అర్జీ ఇచ్చారా?" అన్నాడాయన. టీ అంగడి వెనక, తనకేమీ సంబంధం లేనట్టు గంటల తరబడి నిలబడిన మా నాయన అప్పుడు ముందుకొచ్చి, "మూడు ఇచ్చినాము సార్" అని కవరు చేతిలో పెట్టాడు.

మరుసటి సోమవారం ఏడింటికి మలుపులో హారను వినబడింది. మైకు కొబ్బరికాయ కొట్టింది. మా నాయన బస్సెక్కి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగిపోయాడు. ఆ తరువాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో, ఊరి మీద పెత్తనం చేసే పెద్దింటివాళ్ళు నిలబెట్టిన మనిషి మీద మైకు సర్పంచిగా పోటీ చేసింది. ఆ చాపల మీద కూర్చున్న అమ్మలే ఇల్లిల్లూ తిరిగి గెలిపించారు. పెద్దింటివాళ్ళ మాట కాదని మా ఊరు ఓటేయడం అదే మొదలు.

ఇప్పుడు నేను పులివెందులలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. ఎదురుగా నెలకొక ధర్నా టెంటు వేస్తారు. దానివల్ల ఆలస్యమైతే నేనూ విసుక్కుంటాను, విసుక్కున్నందుకు సిగ్గుపడతాను. "ఇట్లా కూచుంటే ఏమన్నా అయితాదా మేడం?" అని ఆ టెంటులోంచి ఏ పిల్లయినా వచ్చి అడిగితే, సిద్ధాంతాలేమీ చెప్పను. "మాకైతే బస్సొచ్చింది పాపా" అంటాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది కాబోలు, చుట్టూ సీట్లలో వాళ్ళు పని ఆపి నావైపు చూస్తారు.