పిలుపు అందని మనిషి కథ

మా వీధిలో ఫోను లేని ఇల్లు ఒక్కటే, మేమంతా మగ్గం అన్న అని పిలిచే ఎదురింటి నేతగాడిది. నేను బడిపంతులుగా రిటైరయ్యాక సాయంత్రాలు ఆయన మగ్గం పక్కన కూర్చోవడం నాకు అలవాటైంది. ఫోను ఎందుకు వద్దో ఆయన ఎప్పుడూ పెద్ద కారణం చెప్పలేదు. "నాకు కుదరదప్పా" అనేవాడు, అంతే. ఆ మాత్రానికే ఊరు ఆయన్ని మొండివాడని తేల్చేసింది.

పోయిన ఎండాకాలం ఆయన చిన్నాన్న కొడుకు వేంపల్లెలో కూతురి పెళ్లి చేశాడు. మా వైపు పెళ్లికి పిలవాలంటే కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికి రావాలి, బొట్టు పెట్టి రమ్మనాలి. ఈసారి శుభలేఖ బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. అందరూ దండాల బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. అన్నకు ఇంకెవరో చెప్పి ఉంటారని ఎవరికి వాళ్లు అనుకున్నారు.

"పెళ్లికి ఎప్పుడు బయల్దేరుతున్నారన్నా?" అని, వీధిలో మాట విని, రెండు రోజుల ముందు నేనే అడిగాను. నేనడిగితేనే ఆయనకు తెలిసింది.

"ఇంగా బొట్టు పెట్టనే లేదు గదా సారూ. వస్తారులే" అన్నాడు.

వదిన పెట్టెలోంచి పట్టుచీర తీసి పెట్టుకుంది. ఆ రెండు రోజులూ వాళ్లింటి తలుపు తీసే ఉంది. ఎవరూ రాలేదు. పెళ్లయ్యాక మాత్రం, పెద్దాయనకు అంత గర్వమా అని వేంపల్లె వాళ్లు మాటలు మానేశారు.

ఎవర్ని తిట్టాలో తెలియక నేను కథ రాశాను. చివరిదాకా వీధివైపు చూస్తూ ఉండిపోయే మనిషి కథ. ఒక ఆన్‌లైన్ పత్రికకు పంపితే, బాగుందిగానీ మరీ దిగులుగా ఉంది, చివర్లో ఆయన ఫోను కొని పెళ్లికూతుర్ని వీడియోలో దీవిస్తే బాగుంటుంది అన్నాడు సంపాదకుడు. వాదించే ఓపిక లేకపోయింది. ఈమధ్య నాకు దేనికీ ఓపిక ఉండడం లేదు. చివరి పేరా మార్చి పంపేశాను. అందరూ మెచ్చుకున్నారు.

కథ ఫోన్లోనే వచ్చింది కాబట్టి, ఎవరి గురించి రాశానో ఆయన మాత్రం చదవలేదు. ఎవరో చెవిన వేసినట్టున్నారు.

"నా మీద కథ రాసినావంట. సదువు సారూ, ఇంటా" అన్నాడు ఒక సాయంత్రం.

ఫోను తీసి చదివాను. తలుపు తీసుకుని ఎదురుచూసే చోటికి వచ్చేసరికి ఆయన మగ్గం ఆపేశాడు. "అట్లే జరిగిండాది" అన్నాడు మెల్లగా. అక్కడే ఆపేసి లేచిపోదామనిపించింది. అంత ధైర్యం కూడా లేక చివరిదాకా చదివేశాను.

ఆయన మగ్గం మీదికి వంగి, తెగిన పోగు ఒకటి ముడేశాడు.

"ఊరంతా ఫోను కొనుక్కో, కొనుక్కో అని పానం తీస్తాండారు. నువ్వొక్కనివే ఏనాడూ అనల్యా. దానికే నువ్వొస్తే నాకు శానా బాగుండేది సారూ" అన్నాడు. "కడాకు నువ్వే కొనిచ్చేస్తివే."

సంపాదకుడి మాట చెప్పబోయాను. ఫోను జేబులో పెట్టేసుకున్నాను. రాసింది నేనే.