పళ్లెంలో చివరి కార్డు

పదిహేడేళ్లపాటు, నిన్నటిదాకా, ఒక కార్డు నా దగ్గర ఉంది. అరచేతిలో సగం కూడా ఉండదు. దాని బరువెంతో మోసిన నాకే తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మా వాళ్లకంటే ముందు మీకు చెబుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్లీ మాట మారుస్తాను. అది నాకు బాగా అలవాటు. నంద్యాలలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, అంతకంటే ఎక్కువ కాలం మా చర్చి సంఘంలో ఆదివారపు బడి నడిపాను. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ టీచరమ్మనే.

మా సంఘంలో జనవరి ఒకటో తారీఖు ఉదయం, ఆరాధన అయ్యాక, వాగ్దానం కార్డులు తీస్తారు. లేఖనాల్లోని మాటలు అట్టముక్కల మీద నేనే రాసి, మడిచి, ఇత్తడి పళ్లెంలో పోసి పట్టుకుంటాను. కుటుంబానికి ఒకటి. చేతికి ఏది వస్తే అదే ఆ సంవత్సరానికి దేవుడిచ్చిన మాట. పెళ్లి సంబంధం కుదుర్చుకోవాలన్నా, కొడుకును దూరం పంపాలన్నా ఆ మాటను బట్టే తేల్చుకునే ఇళ్లున్నాయి. అందరూ తీశాక మిగిలే చివరి కార్డు అయ్యగారిది, అంటే మా పాస్టరుది. అది మా ఆనవాయితీ.

పదిహేడేళ్ల కిందట ఆ చివరి కార్డు నేను మార్చాను.

రాసేశాను. ఇన్నేళ్లు దాచింది ఇంత చిన్న వాక్యమా?

ఎందుకు మార్చానో చెప్పాలి. అప్పటి అయ్యగారికి ముప్పై కూడా నిండలేదు. ఆయన వచ్చేనాటికి మా మందిరం క్రిస్మస్‌కు నిండేది, మిగతా ఆదివారాలు ఆవలింతలు. ఆయన కొత్త పాటలు తేలేదు, మైకులు పెంచలేదు. కలుపు తీసే కూలి ఆడవాళ్ల ఇళ్లకు పోయి వాకిట్లో కూర్చుని ప్రార్థన పెట్టారు. వాళ్లు మందిరానికి వచ్చి ముందు చాపల మీద కూర్చున్నారు. తమ బతుకులో దేవుడేం చేశాడో సాక్ష్యం చెప్పమని వాళ్లను లేపేవారు. ఒక ఆదివారం సుందరమ్మ అనే ఆమె లేచి, తొమ్మిదేళ్లుగా మాటల్లేని తోడికోడలి ఇంటికి ముందురోజు తానే పోయి, అన్నం పెట్టమని అడిగి తిన్నానని చెప్పింది. అంతే, కూర్చుంది. సగం మంది ఏడ్చారు. ఆ వారం మా సంఘంలో ఎవరెవరు ఎవరెవరి గడప తొక్కారో, ఎన్ని పాత పగలు చల్లారాయో చెప్పలేను.

నేను ఏడవలేదు. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే మా సంఘంలో సాక్ష్యమంటే నాదే. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి డాక్టర్లు చేతులెత్తేస్తే దేవుడు బతికించాడని ప్రతి యేడూ సంఘ వార్షికోత్సవంలో చెప్పేదాన్ని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో నాకు కంఠతా వచ్చు. ఆ యేడు మొదలుపెట్టగానే అయ్యగారు నవ్వుతూ, "టీచరమ్మా, అది నేను పుట్టకముందు సంగతి. ఈ యేడు దేవుడేం చేసినాడో చెప్పండి" అన్నారు. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, మామూలుగానే. నేను వెతుక్కున్నాను. చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు. కూర్చున్నాను.

కోపం వాళ్లు నవ్వినందుకా, నా దగ్గర చెప్పడానికేమీ లేనందుకా? అప్పుడు నవ్వినందుకే అనుకున్నాను. కాదని ఎప్పుడు తెలిసిందో కూడా తెలియదు.

డిసెంబరులో ఆయన సంఘం ముందు ఒక సంగతి పెట్టారు. ఆళ్లగడ్డలో సువార్త పని మొదలుపెట్టమని తనను పిలుస్తున్నారు. ఇక్కడ పని సగంలో ఉంది. పోవాలో ఉండాలో దేవుడు తేటగా చెప్పాలని ప్రార్థించండి అన్నారు. అందరూ ప్రార్థించారు. నేనూ కళ్లు మూసుకున్నాను. మూసుకునే, ఏ మాట రాయాలో ఎంచుకున్నాను. 'ఉన్న చోటు విడిచి, నేను చూపించే చోటికి బయలుదేరు' అనే మాట.

ఒకటో తారీఖున ఆ కార్డును అరచేతిలో దాచుకొని పళ్లెం పట్టుకున్నాను. అందరూ తీశాక, మిగిలినదాన్ని బొటనవేలితో కొంగులోకి లాగి నాది వేశాను. పరీక్షల్లో చీటీలు పెట్టిన పిల్లల చెవులు ఎన్ని మెలిపెట్టానో! ఏ పిల్లా నా అంత నేర్పుగా దాచలేదు.

అయ్యగారు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. కార్డు చేతిలోనే ఉంది.

"టీచరమ్మా, ఈడ పని సగం గూడా కాలే. దేవుడు పొమ్మంటాండాడంటారా?"

"నన్నడిగితే ఏం చెప్పేది అయ్యగారూ? తీసింది మీరే గదా."

"రాసింది మీరు. మీ మనసుకేమనిపిస్తాంది?"

"రాసేది నా చెయ్యి. ఇచ్చేది ఆయన."

ఆయన కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నారు. "అట్లయితే పోతా" అన్నారు. కళ్లల్లో నీళ్లు. నేను కాఫీ ఇచ్చాను, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

ఆ తర్వాత ఎందరో పాస్టర్లు వచ్చారు, పోయారు. ముందు చాపలు చుట్టి మూలన పెట్టారు. సుందరమ్మ, ఆమెతో వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మానేశారంటే వాళ్ల తప్పులా ఉంటుంది. వాళ్లను అడిగేవాళ్లు లేకపోయారు, అందులో నేను మొదటిదాన్ని. ఇప్పుడు మా మందిరంలో ఇచ్చిన వాళ్ల పేర్లు రాసిన ఫ్యాన్లు బోలెడు తిరుగుతుంటాయి. కింద గాలి తగిలించుకునే మనుషులే లేరు.

పోయిన నెల సంఘ కమిటీ కూర్చుంది. చల్లారిన సంఘాన్ని మళ్లీ లేపడానికి ఉజ్జీవ సభలు పెట్టాలన్నారు. దేవుడు మనల్ని ఎందుకు విడిచిపెట్టాడని ఒకరు అడిగారు. సెల్‌ఫోన్లన్నారు, పడుచువాళ్లన్నారు, ఇప్పటి పాస్టరు గొంతు బాగాలేదన్నారు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. చివరికి, మొదటి సాక్ష్యం టీచరమ్మదే అని తీర్మానం రాసుకున్నారు.

మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను, ఆయనకు చెప్పేయాలని. శిల్పాలు చెక్కే షెడ్ల వెనక సందులో ఆయన మందిరం, రేకుల కప్పు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. నిలబడే చోటు లేదు. ఉలి దెబ్బలకు పైన పాట వినిపిస్తోంది. వాకిలి పక్కన గోడకు అద్దం పటం. పటంలో ఆ కార్డు, నా చేతిరాత.

ఆయన జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి అందరికీ చూపించారు. "నన్ను ఈడికి పంపిన కార్డు రాసిన చెయ్యి ఈమెదే" అన్నారు. ముసలీముతకా వచ్చి నా చేతులు పట్టుకొని వందనాలు చెప్పారు. నేను తీసుకున్నాను. ఒక్కొక్కటీ తీసుకున్నాను. ఆయన భార్య నంద్యాలలో ఉద్యోగం మానుకొని వెంట వెళ్లిన మనిషి. మొదట్లో ఒకే గదిలో, వాన కురిస్తే మూలమూలకూ గిన్నెలు పెట్టుకొని కాపురం చేశామని నవ్వుతూ చెప్పి, నాకు అన్నం వడ్డించింది. ముద్ద గొంతు దిగలేదు. చెప్పకుండానే తిరిగి వచ్చాను.

బస్సులో ఒక ఆలోచన నన్ను ఓదార్చబోయింది. మంచే జరిగింది కదా, దేవుడు నా చెడునే వాడుకున్నాడేమో? ఎంత తియ్యటి మాట! అక్కడి మంచి ఆయనదీ, ఆ ఇల్లాలిదీ, దేవుడిదీ. నా వంతుకు వచ్చింది మోసం ఒక్కటే. ఇక్కడ చాపలు చుట్టించినదాన్ని, అక్కడి మందిరంలో భాగం అడుగుతానా? ఒక మనిషి తన బతుకునంతా నిలబెట్టుకున్న మాటను ఎవరు పెట్టారో తెలుసుకునే హక్కు ఆయనకుంది. పటం ఉంచుతారో తీసేస్తారో ఆయన ఇష్టం. నాకు భయంగానే ఉంది. అయినా ఆగను.

ఉత్తరం రాసి నిన్న పోస్టు చేశాను. ఆ రోజు కొంగులోకి లాగిన కార్డును అందులోనే పెట్టాను. దాని మడత నేను ఇప్పటికీ విప్పలేదు. అందులో ఏముందో తెలుసుకునే ధైర్యం లేకపోయింది. విప్పాల్సింది ఆయన.

సభల దాకా కూడా ఆగను. ఈ ఆదివారమే లేస్తాను. ఇకమీదట పళ్లెం వేరేవాళ్లకు ఇవ్వమని కూడా చెబుతాను. ఇవాళ పొద్దున సుందరమ్మ ఇంటికి పోయి మందిరానికి రమ్మన్నాను, నేను సాక్ష్యం చెబుతున్నానని. చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"ఏంది టీచరమ్మా, మళ్లా ఆ టైఫాయిడేనా?"

"కాదు. ఈ యేటి సంగతి."

చేట పక్కన పెట్టింది. "అయితే వస్తా" అంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. ఆయన రాయకపోవచ్చు, సంఘం నన్ను వెలివేయవచ్చు, చాపలు మళ్లీ పరుస్తారో లేదో తెలియదు. తెలిసింది ఒకటే. ఆదివారం లేచినప్పుడు, ఈసారి నా దగ్గర చెప్పడానికి ఉంది.

ఇంతదాకా రాసి లేచి అన్నం పెట్టుకున్నాను. గొంతు దిగింది.